కడుపు స్కాన్‌కు బీమా ఎప్పుడు ఇస్తుంది?

కడుపునొప్పి తగ్గటం లేదు. డాక్టరు సీటీ స్కాన్ రాశారు. ఇంట్లో ఆరోగ్య బీమా ఉంది కాబట్టి ఖర్చు గురించి బెంగ లేదనుకుంటాం. తీరా కౌంటర్ దగ్గరకు వెళ్తే ‘దీనికి బీమా రాదు’ అంటారు. లేదూ ‘అనుమతి రావాలి, ఆగండి’ అంటారు. అసలు స్కాన్‌కు బీమా ఎప్పుడు వర్తిస్తుంది? ముందస్తు అనుమతి దేన్ని చూసి ఇస్తారు? ఏ నొప్పి వచ్చినప్పుడు అనుమతి కోసం ఆగకూడదు? ఇవన్నీ నొప్పి రాకముందే తెలుసుకుని ఉండాల్సిన విషయాలు.

కుప్పం–పలమనేరు దారిలో ఉండే శాంతిపురాన్నే తీసుకోండి. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. ఒక పక్క కర్ణాటక, మరో పక్క తమిళనాడు. కడుపునొప్పి వస్తే కొందరు కుప్పం వెళ్తారు. కొందరు పుంగనూరు, మదనపల్లె వైపు వస్తారు. ఇంకొందరు కోలారు, బెంగళూరు, వేలూరు, తిరుపతి బాట పడతారు. ఇళ్లలో బీమా కూడా ఒక్క రకంగా ఉండటం లేదు. నాన్నకు ప్రభుత్వ వైద్యసేవ, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ, ఏజెంటు చెబితే తీసుకున్న కుటుంబ పాలసీ.. మూడూ ఉన్న ఇళ్లున్నాయి. మూడింటి నియమాలూ వేరు. ఏదో ఒకటి వస్తుందిలే అన్న ధీమాతో బయల్దేరి, చివరికి ఏదీ అక్కరకు రాక అప్పు చేసేవారిని ఓపీలో తరచూ చూస్తుంటాం.

‘‘సార్, ఇన్సూరెన్స్ ఉండాది. ఒక్క రోజు అడ్మిట్ చేసి స్కాన్ తీసేయండి.’’ మాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఏటా వేలకు వేలు ప్రీమియం కట్టినవారు అలా అడగటంలో వింతేమీ లేదు. కానీ క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే దారుల్లో ఇదే ముందుంటుంది. ఎందుకో చూద్దాం.

పరీక్ష కోసమే చేరితే రాదు

మన దేశంలో ఆరోగ్య బీమా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి తీసుకునే చికిత్సకు ఉద్దేశించింది. పాలసీల్లో వేటికి డబ్బు రాదో చెప్పే మినహాయింపుల భాషను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండేలా ఖరారు చేసింది. ప్రతి మినహాయింపుకూ ఒక సంఖ్య ఉంటుంది. అందులో నాలుగోది పరీక్షలకు సంబంధించింది. కేవలం పరీక్షల కోసం, జబ్బేమిటో తేల్చుకోవటం కోసం ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. ప్రస్తుత జబ్బుకూ చికిత్సకూ సంబంధం లేని పరీక్షల ఖర్చూ రాదు. మీ పాలసీ పుస్తకం తెరిచి చూడండి. ‘ఎక్స్‌క్లూజన్ 04’ అనే సంఖ్యతో ఇది కనిపిస్తుంది.

అందుకే ఒక రోజు చేర్చుకుని, సెలైన్ పెట్టి, స్కాన్ తీసి, మర్నాడు ఇంటికి పంపిస్తే బీమా కంపెనీ డాక్టరు మొదట అడిగే ప్రశ్న ఒకటే. ‘ఈ స్కాన్‌ను ఓపీలో తీయలేరా? చేర్చుకుని ఏం చికిత్స ఇచ్చారు?’ దీనికి కేసు షీటులో జవాబు లేకపోతే స్కాన్ డబ్బులే కాదు, గది అద్దె, మందుల బిల్లు కూడా మీ నెత్తినే పడతాయి. ఓపీలో తీయించుకుని ఉంటే ఒక్క స్కాన్ ఖర్చుతో పోయేది.

మరి సీటీకి బీమా డబ్బులు రావా? వస్తాయి. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది: చికిత్స కోసం ఆస్పత్రిలో చేరి ఉన్నప్పుడు తీసే స్కాన్. క్లోమం వాచి, నోటితో ఏమీ తీసుకోలేని స్థితిలో చేరారు. లేదూ పేగుకు అడ్డంకి ఏర్పడి ముక్కులోంచి గొట్టం వేశారు. ఇలాంటప్పుడు తీసే సీటీ చికిత్సలో భాగం. విడిగా అనుమతి అక్కర్లేకుండా మొత్తం చికిత్సకు ఇచ్చే అనుమతిలోనే చాలావరకు కలిసిపోతుంది.

రెండోది: చేరటానికి ముందు ఓపీలో తీయించుకున్న స్కాన్. చాలా పాలసీల్లో ఆస్పత్రిలో చేరటానికి ముందు 30 రోజులు లేదా 60 రోజుల్లో అయిన ఖర్చులను తిరిగి ఇచ్చే సదుపాయం ఉంటుంది. షరతులు రెండు. ఏ జబ్బుకు స్కాన్ తీశారో అదే జబ్బుకు చేరి ఉండాలి. ఆ చేరికకు సంబంధించిన క్లెయిమ్ ఆమోదం పొంది ఉండాలి. ఈ సంగతి తెలియక స్కాన్ బిల్లును పారేసేవారే ఎక్కువ. పది రోజుల తర్వాత అదే జబ్బుకు ఆపరేషన్ అవుతుంది. బిల్లు మాత్రం దొరకదు.

మూడోది: ఓపీ ఖర్చులకూ వర్తించే పాలసీ. కొన్ని పాలసీల్లో, కొన్ని కంపెనీ గ్రూపు పాలసీల్లో ఏడాదికి ఇంత అని ఓపీ పరిమితి ఉంటుంది. స్కాన్‌కు ముందే అనుమతి తీసుకోవాలన్న నియమమూ ఉండొచ్చు. మీ పాలసీలో ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

అనుమతిచ్చే డాక్టరు మిమ్మల్ని చూడరు

ముందస్తు అనుమతిలో కీలకమంతా ఇక్కడే ఉంది. శాంతిపురంలో మీకు నొప్పి. కుప్పంలోనో బెంగళూరులోనో డాక్టరు మీ పొట్ట నొక్కి చూస్తారు. అనుమతినిచ్చే బీమా డాక్టరు మరెక్కడో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటారు. ఆయన మీ పొట్ట నొక్కరు, మీ మూలుగు వినరు. ఆయన చూసేది కాగితమే. కాగితంలో లేనిది ఆయన లెక్కలో జరగనట్టే.

నగదు రహిత చికిత్సకు ఆస్పత్రి నుంచి వెళ్లే దరఖాస్తులో చికిత్స చేస్తున్న డాక్టరు నింపే భాగం ఒకటుంటుంది. ఏం బాధతో వచ్చారు, ఎన్నాళ్లుగా ఉంది, మొదటిసారి ఎప్పుడు డాక్టరుకు చూపించారు, పరీక్షించినప్పుడు ఏం కనిపించింది, ఏ జబ్బని అనుమానిస్తున్నారు, దాని అంతర్జాతీయ కోడ్ ఏమిటి, ఏ తరహా చికిత్స చేయబోతున్నారు.. ఇలా సాగుతుంది. చికిత్స తరహా దగ్గర మందులతోనా, ఆపరేషనా, ఐసీయూనా, లేక పరీక్షలా అని గళ్లుంటాయి. ఇందులో ‘పరీక్షలు’ అన్న ఒక్క గడిలోనే టిక్కు పెట్టి, జబ్బు దగ్గర ‘కడుపునొప్పి’ అని రాసి పంపితే దరఖాస్తు తనంతట తానే నాలుగో మినహాయింపు కిందికి వెళ్లిపోతుంది.

జబ్బు కోడ్ సంగతీ అంతే. ఐసీడీ-10 పట్టికలో కడుపునొప్పికి ఆర్10 అని ఒక కోడ్ ఉంది. అది బాధకు ఇచ్చిన కోడే గానీ జబ్బుకు కాదు. అపెండిక్స్ వాపుకు కే35, క్లోమం వాపుకు కే85, కిడ్నీలో, మూత్రనాళంలో రాళ్లకు ఎన్20. డాక్టరుకు ఫలానా జబ్బన్న అనుమానం బలంగా ఉంటే ఆ సంగతి రాయాలి. అనుమానం లేనిదాన్ని మాత్రం రాయకూడదు. మీరు అడిగినా సరే.

తేడా ఎలా ఉంటుందో ఉదాహరణగా చూడండి. ఒక చీటీలో ఇలా ఉందనుకుందాం: ‘కడుపునొప్పి. సీటీ అబ్డామిన్ చేయించాలి.’ ఇంకో చీటీలో ఇలా ఉందనుకుందాం: ‘రెండు రోజులుగా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి. వాంతులు, జ్వరం. కుడివైపు కింద నొక్కితే నొప్పి, కండరం బిగుసుకుంది. తెల్లకణాలు పెరిగాయి. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనిపించలేదు. అపెండిక్స్ పగిలిందేమోనని అనుమానం. ఆపరేషన్ ఎలా చేయాలో నిర్ణయించటానికి సీటీ అవసరం.’ రోగి ఒక్కరే, నొప్పీ ఒక్కటే. రెండో చీటీకి అనుమతి నిరాకరించటం కష్టం. ఎందుకంటే స్కాన్‌తో ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో, ఆ జవాబును బట్టి ఏం చేయబోతున్నారో అందులో ఉంది.

కాబట్టి ‘సార్, అడ్మిషన్ రాయండి’ అనటం కన్నా ‘సార్, స్కాన్ ఎందుకో చీటీలో రెండు ముక్కలు రాయండి’ అని అడగండి. రద్దీలో ఉన్న డాక్టరుకైనా ఇది కాదనలేని మాట. మా వైద్యులం కూడా చీటీని ఇంకాస్త ఓపికగా రాయాలి.

‘తాగుడు సంగతి రాయొద్దు సార్’

దీని గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. పైకడుపులో భరించలేని నొప్పి, వీపులోకి పాకుతుంది, వాంతులు ఆగవు. రక్తపరీక్షలో లైపేజ్ మామూలు కన్నా మూడు రెట్లు దాటింది. అది క్లోమం వాపు. దీనికి ముఖ్య కారణాలు రెండు: పిత్తాశయంలో రాళ్లు, మద్యం. పాలసీల్లో పన్నెండో మినహాయింపు మద్యానికి బానిస కావటం, దాని పర్యవసానాల చికిత్సకు సంబంధించింది. అందుకే ఇంట్లోవాళ్లు డాక్టరును పక్కకు పిలిచి, తాగుడు సంగతి రాయొద్దని బతిమాలతారు.

అలా దాచటం రోగికే ప్రమాదం. రోజూ తాగే మనిషి ఆస్పత్రిలో చేరి ఒక్కసారిగా మద్యం మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మతిభ్రమణ, ఫిట్స్ రావొచ్చు. సంగతి తెలిస్తే ముందే మందులిస్తాం. తెలియకపోతే దాన్ని ఇంకేదో అనుకునే ప్రమాదముంది. పైగా కేసు షీటులో ఒకచోట ఒకలా, నర్సు రాసుకున్న నోట్సులో మరోలా ఉంటే బీమా కంపెనీకి క్లెయిమ్ మొత్తాన్నీ అనుమానించే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

అయితే ఎప్పుడో పండక్కి తాగినవారికి వచ్చిన క్లోమం వాపంతా మద్యం వల్లే అని తేల్చేయటమూ సరికాదు. అందుకే కారణాన్ని వెతికి కాగితం మీద పెట్టాలి. ముందుగా అల్ట్రాసౌండ్ చేయించి పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూడాలి. ఉంటే ఆ సంగతి దరఖాస్తులో ఉండాలి. ఎంత తాగేవారు, ఎప్పుడు మానేశారు అన్నది కూడా ఉన్నదున్నట్టు ఉండాలి. క్లెయిమ్‌ను కాపాడేది దాచిపెట్టటం కాదు, పూర్తి వివరం.

షుగరు, బీపీ విషయంలోనూ ఇదే సూత్రం. పాలసీ తీసుకునేటప్పుడు చెప్పకుండా, ఆస్పత్రిలో మాత్రం ‘పదేళ్లుగా షుగరుంది’ అని చెబితే కంపెనీ ప్రశ్నిస్తుంది. పాత జబ్బులకు కంపెనీలు పెట్టే నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు మాత్రమే ఉండాలని ఐఆర్‌డీఏఐ 2024లో తగ్గించింది. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక మోసం రుజువైతే తప్ప, ‘జబ్బు దాచారు’ అన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించటానికి వీల్లేదు. ఉన్న జబ్బు ముందే చెప్పి మూడేళ్లు ఆగటం మేలా, దాచి ప్రతి క్లెయిమ్‌కూ బిక్కుబిక్కుమంటూ ఉండటం మేలా? ఇంకో మాట. పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీ రాళ్లు, హెర్నియా వంటివాటికి చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు డబ్బు రాదు. కొత్త పాలసీ ఉన్నవారు ఇది చూసుకోవాలి.

అనుమతి కోసం ఆగకూడని నొప్పులు

ముందస్తు అనుమతి అన్నది ‘డబ్బు ఎవరు కట్టాలి’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రమే. ‘స్కాన్ తీయాలా, వద్దా’ అన్నది వైద్యుడు తేల్చాల్సిన విషయం. ఈ రెండింటినీ కలిపేసుకున్నప్పుడే ప్రాణాల మీదికి వస్తుంది. ఓ రైతుకు రాత్రి పది గంటలకు నొప్పి ముదిరిందనుకుందాం. కొడుకు ఫోన్ చేసి ‘పొద్దున్నే బెంగళూరు తీసుకురండి, ఇక్కడ మా కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది’ అంటాడు. ఇంట్లోవాళ్లు నొప్పి బిళ్ల వేసి తెల్లవారేదాకా ఆగుతారు. పేగుకు చిల్లుపడి ఉంటే ఆ ఆరేడు గంటల్లో పొట్టంతా చీము పడుతుంది. పేగుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయి ఉంటే పేగే చచ్చుబడిపోతుంది. తర్వాత ఎంత పెద్ద పాలసీ ఉన్నా పోయిన పేగును తెచ్చివ్వలేదు.

ఈ లక్షణాలు కనిపిస్తే దగ్గర్లోని ఆస్పత్రికే వెళ్లాలి. బీమా సంగతి దారిలో చూసుకోవచ్చు.

* పొట్ట చెక్కలా బిగుసుకుపోవటం, కదిలినా దగ్గినా నొప్పి పెరగటం
* పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, మలం గానీ గ్యాస్ గానీ పోకపోవటం
* నొప్పితో పాటు చలిజ్వరం, కళ్లు పచ్చబడటం
* రక్తం కక్కుకోవటం, మలం తారులా నల్లగా రావటం
* చెమటలు పట్టి కళ్లు తిరగటం, స్పృహ తప్పటం
* ప్రమాదంలో పొట్టకు దెబ్బ తగలటం. పైకి గాయం లేకపోయినా సరే
* గర్భిణులకు, నెల తప్పినవారికి వచ్చే తీవ్రమైన కడుపునొప్పి
* గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి ఉన్నట్టుండి వచ్చిన విపరీతమైన కడుపునొప్పి

పెద్దవయసువారు, షుగరున్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లోపల జబ్బు ముదిరినా వారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు. అలాగే నడివయసు దాటినవారికి పైకడుపులో నొప్పి వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోకుండా ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటు కూడా అలా కనిపిస్తుంది.

అత్యవసర స్థితిలో వచ్చిన వ్యక్తికి లాంఛనాల కోసం ఆగకుండా ముందు చికిత్స అందించటం ప్రతి వైద్యుడి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. ఇది ప్రభుత్వ ఆస్పత్రికీ, ప్రైవేటుకూ వర్తిస్తుంది. అమెరికాలో పిల్లలున్నవారికి అక్కడ సీటీకి ముందస్తు అనుమతి గొడవ ఎంత ఎక్కువో తెలిసే ఉంటుంది. ఓపీలో తీసే సీటీకి కూడా అక్కడ చాలా బీమా సంస్థలు అనుమతి అడుగుతాయి. అలాంటి చోట కూడా సాధారణ ఆరోగ్య బీమా ఉన్నవారికి అత్యవసర విభాగంలో చేసే చికిత్సకు ముందస్తు అనుమతి షరతు పెట్టకూడదని చట్టముంది.

ప్రతి కడుపునొప్పికీ సీటీ అక్కర్లేదు

బీమా ఉంది కదా అని సీటీ రాయమని పట్టుబట్టేవారూ ఉన్నారు. పిత్తాశయంలో రాళ్లకు మొదట చేయాల్సింది అల్ట్రాసౌండ్. పిల్లల్లో, గర్భిణుల్లో అపెండిక్స్ అనుమానానికీ అదే ముందు. పేగుకు చిల్లు పడితే చాలామందిలో నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్-రేలోనే గాలి కనిపిస్తుంది. క్లోమం వాపులో నొప్పి లక్షణాలు, రక్తపరీక్ష స్పష్టంగా ఉంటే మొదటి రోజే సీటీ తీసి ప్రయోజనం తక్కువ. క్లోమం ఎంతవరకు దెబ్బతిందో మూడు నాలుగు రోజుల తర్వాత తీసిన స్కాన్‌లోనే బాగా తెలుస్తుంది. కిడ్నీ రాళ్లకు తీసే సీటీకి రంగుమందు కూడా అక్కర్లేదు.

రేడియేషన్ సంగతీ ఉంది. పొట్ట, కటి భాగానికి తీసే ఒక సీటీతో సుమారు 8–10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాదిలో సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే మూడు నాలుగేళ్ల మోతాదు ఒక్కసారే అందినట్టు. అవసరమైనప్పుడు దీనికి భయపడకూడదు. అవసరం లేనప్పుడు కొని తెచ్చుకోకూడదు. ఒక ఆస్పత్రిలో తీసిన స్కాన్ ఫిల్ములూ సీడీ వదిలేసి ఇంకో ఊళ్లో మళ్లీ తీయించుకోవటం మరీ అన్యాయం. రెండోసారి తీస్తే ‘మళ్లీ ఎందుకు’ అని బీమా కంపెనీ కూడా అడుగుతుంది.

రంగుమందు ఎక్కించే సీటీకి ముందు సీరం క్రియాటినైన్ పరీక్ష రిపోర్టు దగ్గర ఉంచుకోండి. కిడ్నీ జబ్బు, గతంలో రంగుమందు పడకపోవటం, థైరాయిడ్ సమస్య, గర్భం, మెట్‌ఫార్మిన్ వాడకం.. వీటి గురించి స్కాన్ గదిలోకి వెళ్లకముందే చెప్పండి. షుగరు మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు. కిడ్నీల పనితీరును బట్టి ఆపాలో లేదో డాక్టరు చెబుతారు.

వైద్యసేవలో లెక్క వేరు

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో సీటీ పాత్ర ప్రైవేటు బీమాకు భిన్నంగా ఉంటుంది. అక్కడ సీటీ ఒక ఖర్చు. ఇక్కడ సీటీ ఒక సాక్ష్యం. నెట్‌వర్క్ ఆస్పత్రిలోని వైద్యమిత్ర మీ పేరు నమోదు చేస్తారు. ఆస్పత్రి వైద్యులు పరీక్షల రిపోర్టులు, స్కాన్ చిత్రాలు జతచేసి ఆపరేషన్‌కో, చికిత్సకో ట్రస్టును ముందస్తు అనుమతి అడుగుతారు. ట్రస్టు డాక్టర్లు వాటిని చూసి నిర్ణయిస్తారు. జబ్బు నిర్ధారణకు చేసే పరీక్షలు చికిత్స ప్యాకేజీలో భాగమే. అత్యవసరమైతే ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటూ ఉంది.

కాబట్టి ముందే బయట డబ్బు పెట్టి స్కాన్ తీయించుకుని, ఆ తర్వాత వైద్యసేవ కౌంటర్‌కు వెళ్లటం కన్నా మొదటే ఆ కౌంటర్‌లో అడగటం మంచిది. ఏ ఆస్పత్రి ఏ విభాగంలో నెట్‌వర్క్‌లో ఉందో 104కు ఫోన్ చేస్తే చెబుతారు. కోలారు, బెంగళూరు, వేలూరు వెళ్లేవారు మరీ తప్పకుండా అడగాలి. ఆస్పత్రి పెద్దదైనంత మాత్రాన మన కార్డు అక్కడ చెల్లుతుందని కాదు. సీటీ సదుపాయమున్న ప్రభుత్వాసుపత్రికే వెళ్తే బీమా కంపెనీ జవాబు కోసం ఎదురుచూసే పని చాలావరకు తప్పుతుంది.

70 ఏళ్లు దాటిన పెద్దలుంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. 2024 అక్టోబరులో మొదలైన ఈ సదుపాయంలో ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్సకు రక్షణ ఉంటుంది. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవటానికి అడ్డులేదు.

కొడుకు కంపెనీ పాలసీ ఉంటే..

కుప్పం ప్రాంతం నుంచి పనులకు, ఉద్యోగాలకు బెంగళూరు వెళ్లేవారు ఎందరో. కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల పేర్లు చేర్చినవారు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, అమ్మానాన్నల పేర్లు, వయసులు ఆధార్‌లో ఉన్నట్టే పాలసీలో ఉన్నాయా? పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా అర్ధరాత్రి కౌంటర్‌లో అదే అడ్డు. రెండోది, ఈ-కార్డు కొడుకు ఫోన్‌లో కాకుండా ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉందా? మూడోది, మీ ఊరికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆస్పత్రి ఏది?

నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలోనూ నగదు రహిత చికిత్సకు 2024 జనవరిలో సాధారణ బీమా మండలి ఓ వెసులుబాటు తెచ్చింది. ముందే అనుకున్న చికిత్సకైతే చేరటానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు బీమా కంపెనీకి తెలపాలి. ఆస్పత్రి కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే డబ్బు కట్టి, బిల్లులతో తర్వాత క్లెయిమ్ చేసుకునే దారి ఉండనే ఉంది.

గంట.. మూడు గంటలు

ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగదు రహిత చికిత్స అభ్యర్థన అందిన గంట లోపు బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ డబ్బును బీమా కంపెనీయే భరించాలి. గంట దాటినా కదలిక లేకపోతే ‘దరఖాస్తు ఎన్ని గంటలకు వెళ్లింది? ఏమైనా వివరాలు అడిగారా?’ అని ఆస్పత్రి బీమా డెస్కును అడగండి. చాలాసార్లు కంపెనీ ఏదో ప్రశ్న వేసి ఉంటుంది. దానికి జవాబివ్వాల్సిన డాక్టరుకు ఆ సంగతే చేరి ఉండదు.

అనుమతి రాకపోతే కంగారు పడొద్దు. నగదు రహిత అనుమతి నిరాకరించినంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి చికిత్స తీసుకుని, పూర్తి కాగితాలతో మళ్లీ క్లెయిమ్ పెట్టొచ్చు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం తీసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. స్కాన్ ఎందుకు అవసరమైందో, దాని ఫలితాన్ని బట్టి చికిత్స ఎలా మారిందో ఓ ఉత్తరం రాయించుకోండి. దాన్ని జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. పాలసీ బెంగళూరులో తీసుకున్నదైనా మీ నివాసం ఇక్కడైతే ఇక్కడే ఫిర్యాదు చేయొచ్చు. రూ.50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

బిల్లు విషయంలో ఒక చిన్న లెక్క కూడా తెలిసి ఉండాలి. పాలసీలో ఉన్న పరిమితి కన్నా ఖరీదైన గది తీసుకుంటే కంపెనీలు డాక్టరు ఫీజు వంటివాటిని కూడా అదే దామాషాలో తగ్గిస్తాయి. కానీ మందులు, పరికరాలు, పరీక్షల ఖర్చును అలా తగ్గించకూడదు. సీటీ పరీక్షల కిందికే వస్తుంది. దాని బిల్లులో గది అద్దె పేరుతో కోత పడితే ప్రశ్నించండి.

ఇంట్లో ఒక ఫైలు

రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం భద్రంగా పెట్టుకునే ఇంట్లో వైద్య కాగితాలు మాత్రం సంచిలో నలిగిపోతుంటాయి. ఒక ఫైలు కొని ఇవి పెట్టండి.

* పాలసీ కాపీ, ఈ-కార్డులు, వైద్యసేవ కార్డు వివరాలు
* ప్రతి ఒక్కరికీ ఉన్న జబ్బులు, ఎప్పటి నుంచి, వాడుతున్న మందులు రాసిన ఒక కాగితం
* మొదటిసారి చూపించుకున్న ఓపీ చీటీ. నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పేది ఇదే
* స్కాన్ రాసిన చీటీ, బిల్లు, డబ్బు కట్టిన రసీదు, రిపోర్టు. ఈ నాలుగూ ఒకే చోట ఉండాలి
* స్కాన్ ఫిల్ములు, సీడీ. రిపోర్టు ఒక్కటే చాలదు
* పాత డిశ్చార్జి సమ్మరీలు, క్రియాటినైన్ రిపోర్టు

అన్నింటినీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఫైలు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. కడుపునొప్పి ఎక్కువగా రాత్రిపూటే ముదిరినట్టు అనిపిస్తుంది. ఆ వేళ వెతుక్కోవాల్సింది బండి తాళం ఒక్కటే అయ్యుండాలి.